గొంగడి చాటున అవ్వ గొంతు

ఎవరినైనా తెలివితక్కువవాడని తిట్టాలంటే మనవాళ్ళకు ముందుగా గొర్రే గుర్తుకొస్తుంది. నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఉపాధ్యాయుల గదిలో రోజుకు ఒక్కసారైనా ఎవరో ఒకరు ఎవరో ఒక పిల్లవాణ్ణి "ఉత్త గొర్రె" అనకుండా పొద్దు గడిచేది కాదు. నాకు చర్రున మండేది. మీరెప్పుడైనా గొర్రె ముఖంలోకి నిలబడి చూశారా అని అడిగేదాన్ని. టీచరమ్మకు గొర్రెలతో చుట్టరికం ఉందని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఉన్న మాటే. మాది గొర్రెలు కాసే కురుమ ఇల్లు. గొర్రెకు ఏం తెలుసో, ఎంతవరకు తెలుసో ఆ గదిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలియకుండా ఉంటేనే బాగుండేదని కూడా చాలాసార్లు అనుకున్నాను.

చొప్పదండికి నాలుగు మైళ్ళ లోపల మా ఊరు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పుకుంటున్న కొత్త రోజులవి. మా దిక్కు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. ఏది పోయినా ఏది వచ్చినా మా బాపు మాత్రం పొద్దున్నే గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని, మందను తోలుకొని పోయేవాడు. నూటికి పైగా గొర్రెలు. అన్నీ నల్లవే. చూసేవాళ్ళకు అన్నీ ఒకటే. బాపుకు మాత్రం దేని ముఖం దానిదే. వాటికీ బాపు ముఖం అలాగే తెలుసని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. అది తప్పని ఒక పెళ్ళి రోజున తెలిసింది. చుట్టాల పెళ్ళికి బాపు తెల్ల ధోతి, తెల్ల అంగీ తొడుక్కొని, గొంగడి ఇంట్లో పెట్టి, పోయే ముందు ఒకసారి మందను చూద్దామని దొడ్డిలోకి వెళ్ళాడు. గొర్రెలన్నీ బెదిరి ఆ మూల నుంచి ఈ మూలకు పడ్డాయి. ఒకటి దడి దూకబోయింది. బాపు నవ్వుకుంటూ నాలుక మడిచి "డుర్ర్‌ర్" అన్నాడు. ఎక్కడివక్కడ నిలబడి తల ఎత్తి చూశాయి. గొంతు మనవాడిదే, మనిషి ఎవరో అన్నట్టు చూశాయి. అవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నవ్విన ముఖం కనిపించదు. నా బాధంతా అదే.

పాలు తాగే పిల్లలను మంద వెంట పంపరు. ఇంటి దగ్గరే తడకల దడిలో ఉంచుతారు. సాయంత్రం మంద తిరిగి వచ్చే వేళకు ఆ దడిలో మొదలయ్యే గోల అంతా ఇంతా కాదు. తల్లులింకా వాగు దాటకముందే పిల్లలకు తెలిసిపోతుంది. ఇటు నలభై పిల్లలు అరుస్తాయి, అటు నలభై తల్లులు అరుస్తాయి. మనకు చెవులు గింగిర్లెత్తడం తప్ప ఏమీ అర్థం కాదు. తడక తీయగానే ఒక్కో పిల్ల తన తల్లి గొంతు వెంట పడి ఉరుకుతుంది. దగ్గరికి పోయాక ఒక్క క్షణం ఆగి తల్లి ముఖం చూస్తుంది. చూసి పొదుగు కిందికి దూరుతుంది. అప్పుడు తల్లి మెడ తిప్పి పిల్ల తోక దగ్గర వాసన చూస్తుంది. తన పిల్ల కాకపోతే ఒక్క తన్ను తన్నుతుంది. దూరాన చెవి, దగ్గర కన్ను, ఆఖరున ముక్కు. ఈ మూడూ కలిస్తేనే వాటికి నమ్మకం.

అవ్వకు ఆ వేళ చేతినిండా పని. తల్లి చచ్చిన పిల్లలుంటాయి, తల్లి దగ్గరికి రానీయని పిల్లలుంటాయి. వాటిని ఒడిలో పెట్టుకొని వేరే గొర్రె పాలు గుడ్డతో పిండి తాగించేది. వాటిని పిలవడానికి ఆమెకొక పిలుపుండేది. "దా... దా దా... దా" అని, మొదటి దా సాగదీసి, నడుమ రెండూ పొట్టిగా, ఆఖరుది కిందికి దించి. నన్నూ అలాగే పిలిచేది. బిడ్డకూ గొర్రెపిల్లకూ ఒకటే పిలుపేమిటని నాయనమ్మ సణిగేది. పిలిస్తే వచ్చేవాళ్ళందరికీ ఒకటే పిలుపని అవ్వ అనేదట. ఆ ఏడు అవ్వ సాదుతున్న పిల్ల ఒకటుండేది. పుట్టిన రోజే తల్లి పోయింది. చెవి కుక్క కరిచి సగం తెగింది. అవ్వ పిలిచిందంటే మేమిద్దరమూ ఉరికేవాళ్ళం. ఎక్కువసార్లు అదే ముందు చేరేది.

నాకు నాలుగు నిండి ఐదు నడుస్తున్నప్పుడు అవ్వ కడుపులో గడ్డ లేచింది. ఊళ్ళో మందులన్నీ అయ్యాక, దసరా ముందర బాపు ఆమెను బండిలో పడుకోబెట్టి కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. నన్ను తీసుకుపోలేదు. రెండు రోజులకు వస్తుందన్నారు. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతి పోయింది. బాపు వారానికొకసారి పోయి వచ్చేవాడు. ఆపరేషన్ చేశారని, ఇంకొకటి చేయాలని, అంతకు ముందు ఒంట్లో రక్తం పట్టాలని చెప్పేవాడు. నేను అవ్వ కట్టి విడిచిన చీర ఒకటి చుట్టచుట్టి తల కింద పెట్టుకొని పడుకునేదాన్ని. సాయంత్రం మంద వచ్చే వేళకు తడక దగ్గర నిలబడేదాన్ని. తల్లులన్నీ వచ్చేటప్పుడు మా అవ్వ కూడా ఆ మంద వెనకే వస్తుందని నా లెక్క. రోజూ రాలేదు. రోజూ నిలబడ్డాను.

శివరాత్రి పోయాక కబురొచ్చింది. రెండో ఆపరేషన్‌కు ముందు ఎనిమిది రోజులు ఇంటికి పోయి బిడ్డను చూసి రమ్మని డాక్టరమ్మ అవ్వను పంపుతోందట. ఎనిమిదో రోజు పొద్దు కూకే లోపల మళ్ళీ దవాఖానలో ఉండాలి.

ఇక్కడ మా నాయనమ్మ ఒక పని చేసింది. మంచికే చేసింది. మా అందరి మంచి కోసమే చేసింది. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది, ఆ కోపం పోవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. అవ్వ దవాఖానకు పోయిన నాడే ఆమె వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. కోడలు ప్రాణంతో బయటపడితే, ఇంటి గడప తొక్కకముందే నీ గడప తొక్కిస్తా, తలనీలాలు ఇప్పిస్తా అని. బాపు అవ్వను తేవడానికి బయలుదేరుతుంటే ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. కరీంనగర్ నుంచి మా ఊరు ఒక దిక్కు, వేములవాడ ఇంకొక దిక్కు. బిడ్డను చూసినంక పోవచ్చు కదా అని బాపు అన్నాడట. దేవుణ్ణి వెనకకు పెట్టి బిడ్డను ముందట పెడతావా అని నాయనమ్మ అడిగిందట. బాపు సరేనని బయలుదేరాడు.

అలా ఎనిమిది రోజుల్లో మొదటి రెండు రోజులు రాజన్నకు పోయాయి. జాతర ఇంకా పూర్తిగా విడవలేదు. బస్సుల్లో నిలబడడానికి చోటు లేదు. అవ్వ గుడి ముందు కూర్చొని తల వంచింది. మోకాళ్ళ దాకా ఉండే జడ అని ఊరంతా చెప్పుకునే జుట్టు. నేను దాన్ని పట్టుకొని ఆమె వెంట తిరిగేదాన్నట.

వాళ్ళు ఇంటికి చేరిన రోజు, ఆ ఎనిమిదింటిలో మూడోది, మా దొడ్డిలో గొర్రెల బొచ్చు కత్తిరించే రోజు. చలి తగ్గాక ఏటా చేసే పనే. ముందురోజు వాగులో గొర్రెలన్నిటినీ కడిగారు. పొద్దున్నే చుట్టాలు తలా ఒక కత్తెరతో వచ్చారు. గొర్రె నాలుగు కాళ్ళూ కట్టి పడేసి, మెడ నుంచి తోక దాకా కత్తెర ఆడిస్తుంటే నల్లబొచ్చు దుప్పటిలా ఊడి వస్తుంది. కట్లు విప్పగానే లేచి నిలబడేది ఇంకేదో జంతువు. సగం అయిపోయినట్టు, ఎముకలు కనిపిస్తూ, చర్మం బూడిద రంగులో. మెడ పొడుగు, చెవులు పెద్దవి.

పిల్లల పాట్లు అప్పుడు చూడాలి. తల్లి అరుస్తుంది. పిల్లకు ఆ అరుపు తెలుసు, తోక ఊపుకుంటూ ఉరికి వస్తుంది. నాలుగడుగుల దూరంలో తల్లిని చూసి టక్కున ఆగిపోతుంది. ఇది కాదు. వెనక్కి ఉరుకుతుంది. తల్లి మళ్ళీ అరుస్తుంది. పిల్ల మళ్ళీ వస్తుంది, మళ్ళీ చూస్తుంది, మళ్ళీ పోతుంది. దొడ్డినిండా ఇదే. తల్లి కళ్ళ ముందే ఉన్నా తల్లి కోసం వెతుక్కుంటూ ఏడుస్తాయి. పెద్దవాళ్ళకు అదొక వేడుక. కత్తెరలు ఆపి మరీ నవ్వుతారు. ఆ రోజు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టి నవ్వాను.

మధ్యాహ్నం గోడ అవతల బండి ఆగిన చప్పుడైంది. ఆ వెంటనే వినిపించింది.

"దా... దా దా... దా. నా బిడ్డా, దా."

ఐదు నెలలైంది ఆ పిలుపు విని. చేతిలోని జొన్నగట్క గిన్నె అక్కడే పడేసి ఉరికాను. గోడ మలుపు తిరిగాను. బండి పక్కన బాపు నిలబడి ఉన్నాడు. బాపు చేయి పట్టుకొని ఒక మనిషి నిలబడి ఉంది. నున్నటి గుండు. చెంపలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవై, చెవులు బయటికొచ్చి ఉన్నాయి. నేను ఎప్పుడూ చూడని తెల్లచీర. ఆమె రెండు చేతులూ చాచింది. ఆమె నోట్లోంచి మా అవ్వ గొంతు వస్తోంది. ఎవరో మా అవ్వ గొంతును ఎత్తుకొచ్చినట్టు అనిపించింది.

నేను ఆగిపోయాను. నాలుగడుగుల దూరంలోనే ఆగి ఉంటాను. అప్పుడు నేనన్న మాట నాకు గుర్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు.

"గీమె ఎవలు? మా అవ్వేది?"

నా పక్క నుంచి ఏదో దూసుకుపోయింది. చెవి తెగిన పిల్ల. ఆ సరికి ఏడాది నిండిన గొర్రె అయింది, దాని బొచ్చు కూడా అప్పుడే తీశారు. అదీ ఆమె ముందు ఆగి చూసింది, ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ వెళ్ళిపోలేదు. మెడ చాచి ఆమె అరచేయి వాసన చూసింది. చూసి ఆ చేయి కిందికి తల పెట్టి నిలబడింది. అవ్వ ఒక చేయి దాని తల మీద ఉంచి, రెండో చేయి నా దిక్కు అలాగే చాచి ఉంచింది. నేను పోలేదు.

నాయనమ్మ వచ్చి నా వీపు మీద రెండు చరిచింది. అవ్వను గుర్తుపట్టవా అని రెక్క పట్టుకొని లాగింది. నేను గుక్కపట్టి ఏడ్చాను. అవ్వ కొట్టొద్దంది. "దాన్ని కొట్టకత్తా. అదేం జేస్తది" అంది. ఆ గొంతు విని నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

అవ్వ ఇంట్లో ఉండేది నాలుగు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది, ఎనిమిదో రోజు పొద్దున్నే పోవాలి. ఆ సాయంత్రం ఆమె గడపలో కూర్చొని పిలిచింది. నేను వాకిట్లోకి వచ్చి చూసి పోయాను. మర్నాడు తలకు కొంగు చుట్టుకొని పిలిచింది. వచ్చి చూసి పోయాను. నాయనమ్మకు అప్పటికి తన మొక్కు ఎక్కడ తగిలిందో అర్థమైంది. దువ్వినప్పుడు రాలితే గోడ సందులో దాచిన తనవీ అవ్వవీ చిక్కు వెంట్రుకలన్నీ తీసి, కూర్చొని, దువ్వి, ఒక సవరం అల్లింది. అందులో సగం నెరిసిన వెంట్రుకలు. దాన్ని అవ్వ కొంగులో ముడివేసి జడలా ముందుకు వేసింది. అది చూసి నేను కోళ్ళ గూటి వెనక దాక్కున్నాను. అవ్వ దాన్ని మెల్లగా విప్పి నాయనమ్మ చేతిలో పెట్టిందట. నాయనమ్మ ముఖం పక్కకు తిప్పుకుందట.

ఏటా ఈ తంతు చూసే మనుషులు వీళ్ళు. బొచ్చు తీసిన తల్లిని పిల్ల గుర్తుపట్టదని వీళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కానీ మొక్కు మొక్కేటప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గొర్రె గొర్రే, మనిషి మనిషే అనుకున్నారు.

బొచ్చు తీసినప్పుడు పిల్లలకు పాలు పట్టించడానికి మా బాపు దగ్గర ఒక ఉపాయముంది. తల్లులనూ పిల్లలనూ కలిపి గడ్డి కొట్టంలోకి తోలి, తలుపు సందులకు గొంగళ్ళు వేలాడదీసేవాడు. పట్టపగలే లోపల కటిక చీకటి. కళ్ళకు పని లేదు. కాసేపు అరుపులు వినిపించేవి, తరవాత ఒక్కొక్కటే తగ్గి, పాలు చీకే చప్పుడు మాత్రం మిగిలేది. ఎన్ని రోజులు ఇలా అని అడిగితే ఎనిమిది రోజులకు అలవాటు పడతాయనేవాడు. తరవాత వెలుతురులో వదిలినా కొత్త ముఖాన్ని పట్టుకొని పోతాయి.

అవ్వ వచ్చిన మూడో పొద్దున బాపు అలాగే కొట్టం తలుపుకు గొంగడి కట్టి, అక్కడే నిలబడిపోయాడు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. నేను విసుర్రాయి మీద కూర్చొని ఆయననే చూస్తున్నాను. కట్టిన గొంగడి మళ్ళీ విప్పాడు. నా దగ్గరికి వచ్చి, వానకు కప్పే కొప్పెర లాగా దాన్ని నా తల మీదుగా కప్పి, నన్ను ఎత్తుకున్నాడు. లోపల నల్లటి చీకటి. బొచ్చు వాసన, గొంగడికి పెట్టిన చింతగింజల గంజి వాసన. నన్ను ఎక్కడో కూర్చోబెట్టాడు. మెత్తగా లేదు. ఎముకలు తగిలాయి.

"దా... దా దా... దా" అంది అవ్వ, నా తలకు అంత దగ్గరగా.

నేను కదలలేదు. ఆమె కూడా గొంగడి లోపలికి తల పెట్టింది. నా ముఖం మీద ఊపిరి తగిలింది, మందుల వాసన. కళ్ళు తెరిచినా ఏమీ కనిపించలేదు. గొంతొక్కటే ఉంది. ఆ గొంతు, చెవి తెగిన పిల్ల ఎన్నిసార్లు పాల గుడ్డ నమిలి మింగబోయిందో చెప్పింది. దవాఖాన కిటికీ మీద రోజూ ఒక కాకి వచ్చి కూర్చుంటుందని, దానికి నా పేరు పెట్టిందని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. నా చెవిని ఆమె పక్కటెముకలకు ఆనించాను. అప్పుడు "అవ్వా" అన్నాను. ఎన్నాళ్ళయిందో ఆ మాట అని. ఆమె ఒళ్ళు వణికింది. ఏడ్చిందని ఇప్పుడు తెలుసు.

ఆ రోజంతా, మర్నాడంతా మేమిద్దరం ఆ గొంగడి కిందే ఉన్నాం. అవ్వ గట్క కలిపి చీకట్లో నా నోరు వెతుక్కొని తినిపించింది. ఎంతసేపని ఇట్లా, పిల్లకు ఊపిరాడదు, ముసుగు తీయమని నాయనమ్మ రెండుసార్లు వచ్చి అడిగింది. బాపు కూడా ఇక అలవాటైందేమో చూద్దామన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు.

"తియ్యకుండ్రి. చీకట్లనన్న నాకాడ ఉంటది. గంతే సాలు" అంది.

నేను ఆ మాట విన్నాను. అర్థం కాలేదు. చల్లగా, హాయిగా, ఆమె పొట్ట మీద వేళ్ళతో గీతలు గీస్తూ పడుకున్నాను. ఒక్కసారి, ఒక్క అంచు ఎత్తి చూసి ఉంటే ఎంత బాగుండేదని ఇన్నేళ్ళ తరవాత అనుకుంటాను. చెంప ఎక్కడ ఉందో, ముక్కు ఎలా ఉందో వేళ్ళతోనైనా తడిమి ఉంటే బాగుండేది. తడమలేదు. రేపు కూడా ఉంటుందనుకున్నాను.

పోయే పొద్దున బండి కట్టారు. అవ్వ ఒళ్ళో గొంగడి కింద ఉన్న నన్ను దింపడానికి బాపు గొంగడి తీశాడు. ఎండ ఒక్కసారిగా కళ్ళలో పడింది. కళ్ళు చికిలించి చూశాను. ఎదురుగా ఆ గుండు మనిషి. నేను చటుక్కున జారి, ఉరికి నాయనమ్మ కుచ్చెళ్ళలో ముఖం దాచుకున్నాను. దొడ్డిలో ఒకటి రెండు పిల్లలు అప్పటికే వెలుతుర్లో తల్లుల దగ్గరికి పోవడం మొదలుపెట్టాయి. ఇంకొక నాలుగు రోజులుంటే నేనూ పోయేదాన్నే. నాకు తెలుసు, పోయేదాన్నే.

అవ్వ కోపపడలేదు. బండిలో కూర్చొని కొంగు సర్దుకుంటూ, "ఎంటికలు మొలిసినంక వస్త తియ్. అప్పుడు గుర్తువడుతది" అని నాయనమ్మతో అంది. నేను కుచ్చెళ్ళలోంచి విన్నాను. బండి వాగు దాకా పోయేవరకు ఆ పిలుపు రెండు మూడుసార్లు వినిపించింది. నేను ముఖం ఎత్తలేదు.

రెండు నెలలకు బాపు ఒక్కడే వచ్చాడు. వాకిట్లోకి వచ్చి గొంగడి పరుచుకొని కూర్చున్నాడు. అడగకుండానే అందరికీ తెలిసింది. నాయనమ్మ దిక్కు చూసి ఒక్క మాట అన్నాడు.

"ఎంటికలు ఏలు కణుపంత మొలిసినయే అవ్వా."

నాయనమ్మ తల బాదుకుంది. అప్పటి నుంచి పోయేదాకా ఆమె ఏ దేవుడికీ మొక్కలేదు, తలకు నూనె పెట్టుకోలేదు. దాన్నే ఆమె తప్పు ఒప్పుకోవడమనుకున్నాను నేను.

మా ఇంట్లో అవ్వ ఫోటో లేదు. ఆ రోజుల్లో మాబోటి వాళ్ళకు ఫోటోలెక్కడివి? జడ ఉన్న అవ్వ ముఖం ఎంత తలచుకున్నా నాకు రాదు. అది నా నాలుగేళ్ళ వయసుతోనే పోయింది. పోనీ ఆ గుండు ముఖమైనా సరిగ్గా చూశానా అంటే, ప్రతిసారీ చూసిన క్షణంలోనే పారిపోయాను. రెండు ముఖాలూ పోయాయి. గొంతు మాత్రం ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పిలుపు లోలోపల ఎన్నిసార్లు విన్నానో. పైకి మాత్రం నేనెన్నడూ అనలేదు. గొర్రెపిల్లలకు పాలు పట్టే పని నాకొచ్చాక కూడా నాలుక టకటకలాడించి పిలిచేదాన్ని. ఆ పిలుపు నా నోటికి ఎత్తుకునే హక్కు నాకు లేదనిపించేది.

చెవి తెగిన గొర్రె కూడా ఎవరి పిలుపుకూ రాకుండా అయింది. మందతో పాటు పోయేది, మందతో పాటు వచ్చేది. ఎవరి చేతి నుంచీ తినేది కాదు. దానికి పొగరని చుట్టాలు అనేవాళ్ళు. కాదని నాకు తెలుసు.

నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు వేసవి సెలవులకు బాపు నన్ను మంద వెంట తీసుకుపోయాడు. మా దగ్గర గడ్డి ఎండిపోతే గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి తోలుకుపోయేవాళ్ళు. నలుగురైదుగురు కాపరుల మందలు వెనకా ముందుగా పోయేవి. అక్కడ ఒక మధ్యాహ్నం, వాగు మడుగు దగ్గర, మరాఠీ మాట్లాడే కాపరుల మంద ఎదురొచ్చి మా మందతో కలిసిపోయింది. రెండు మూడు వందల నల్ల గొర్రెలు. నాకు ఏడుపొచ్చింది, మనవి ఏవో వాళ్ళవి ఏవో ఎట్లా తెలుస్తుందని. బాపు నవ్వాడు. వాళ్ళలో ఒక ముసలి కాపరి కూడా నవ్వి, తన గొర్రెలను "హుర్రే, హుర్రే" అని పిలుస్తూ వాగు అవతలి గట్టు ఎక్కాడు. గొర్రెలు తలలెత్తాయి. వాళ్ళవి వాళ్ళ వెంట కదిలాయి. ఇక మావి ఇటు రావాలి. బాపుకు రెండు రోజుల నుంచి జ్వరం, గొంతు పూర్తిగా పోయింది. డుర్ర్ అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. నా వైపు చూసి సైగ చేశాడు. నువ్వు పిలువు.

నేను నాలుక టకటకలాడించాను. నీళ్ళ చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు. గొర్రెలు అటు పోతున్నాయి. మావి కూడా కొన్ని వాటి వెంట కదులుతున్నాయి. కంగారులో నా నోట్లోంచి అది వచ్చేసింది.

"దా... దా దా... దా."

బాపు గిర్రున తిరిగి చూశాడు. ఆయన ముఖం అలా తెల్లబోవడం నేను ఎన్నడూ చూడలేదు. నేను పిలిచానని అప్పటికి నాకూ నమ్మకం కలగలేదు. అది నా గొంతు కాదు. అచ్చం అవ్వ గొంతు.

మందలో దూరాన ఒక తల లేచింది. సగం చెవి. ముసలిదైపోయింది, ముందుకాలు కుంటుతోంది. మిగతా గొర్రెలను తోసుకుంటూ, రాళ్ళ మీద తూలుతూ, అరుచుకుంటూ నా దిక్కు ఉరికి వచ్చింది. అలా ఉరకడం ఆరేళ్ళలో దాన్ని నేను చూడలేదు. నాలుగడుగుల దూరంలో ఆగింది. నా ముఖం చూసింది. వెళ్ళిపోలేదు. మెడ చాచి నా అరచేయి వాసన చూసింది. వెచ్చటి ఊపిరి తగిలింది. నేను కదలకుండా నిలబడ్డాను. ఒక్కసారి దాని తల నా చేయి కింద పెడితే చాలని దేవుడికి మొక్కాను. అది తల పైకెత్తి నా వెనకకు చూసింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. మెల్లగా తిరిగి, కుంటుకుంటూ మందలోకి వెళ్ళిపోయింది.

గోడ మలుపు దగ్గర నిలబడి, చేతులు చాచి, నేను దగ్గరికి రాకపోవడం చూసినప్పుడు అవ్వకు ఎట్లా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మిగిలిన గొర్రెలు ఇంకా వాగు అవతలే ఉన్నాయి. మళ్ళీ పిలువమని బాపు సైగ చేస్తూనే ఉన్నాడు. మా అవ్వ నాలుగు రోజులు నన్ను పిలిచింది. నాకు రెండోసారి పిలవడానికి గొంతు రాలేదు.